పెద్ద కోడే కావాలన్నాను

సంధ్య అనే పిల్ల చదువు సాగుతుందా ఆగుతుందా అన్నది 2013 మే నెలలో నా ఒక్క మాట మీద ఆధారపడి ఉంది. ఆ సంగతి నాకొక్కదానికే తెలియదు. ముందే చెప్పేస్తున్నాను, ఎందుకంటే చివర్లో చెబితే నన్ను నేనే వెనకేసుకొస్తున్నానని అంటారు. వాళ్ల నాన్న జనగామ దగ్గర ఒక పల్లెలో ఆరు వందల బ్రాయిలర్ కోళ్లు పెంచాడు. అవి అమ్ముడుపోతేనే ఆ పిల్లకు ఇక్కడ హాస్టలు, కోచింగు. అవి షెడ్డులోంచి ఎప్పుడు బయటికి రావాలన్నది నేను తేల్చాను, తేలుస్తున్నానని తెలియకుండానే.

నా పేరు దమయంతి. పుట్టింది చిక్కడపల్లిలో, మెట్టింది కూడా చిక్కడపల్లిలోనే. అశోక్ నగర్ సందులో పన్నెండేళ్లుగా మెస్సు నడుపుతున్నాను. నాది అనుమానపు పుట్టుక. పాలవాడి క్యానులో వేలు ముంచి చూస్తాను, బియ్యం బస్తాకు అడుగున కన్నం పెట్టి గుప్పెడు తీస్తాను. "నీకు పోలీసు నౌకరి ఇయ్యక గవర్నమెంటు నష్టపోయింది" అంటాడు మా ఆయన జగదీశ్వర్. అననీ! నూట యాభై మంది పిల్లలు రోజూ నా చేతి తిండి తింటారు, ఇన్నేళ్లలో ఒక్కడికి కడుపు చెడలేదు. అది నా అనుమానం పుణ్యమే.

మా దగ్గర ఆదివారం అంటే చికెన్. గ్రూప్స్‌కు చదివే పిల్లలు మధ్యాహ్నం తిని హాస్టలు మెట్ల మీద కూర్చుంటారు. ఆరోజు భారత రాజ్యాంగం చదవరు, ఏ మెస్సులో ముక్క ఎంత పడిందో చెప్పుకుంటారు. రుచి సంగతి తర్వాత, ముందు సైజు. ఒక ఆదివారం ముక్క చిన్నదైతే సోమవారానికి ఇరవై మంది పక్క మెస్సులో తేలుతారు. అందుకే చిక్కడపల్లి మార్కెట్లో చికెన్ షాపు ముత్యాలుకు ఖచ్చితంగా చెప్పిపెట్టాను, కోడి రెండున్నర కిలోలకు తగ్గితే నా గుమ్మం తొక్కొద్దని. ఫిబ్రవరిలో ఒకసారి చిన్న కోళ్లు కోసి పంపాడు. ఆటో మొత్తం వాపస్ పంపించి, మార్కెట్టుకు పోయి నలుగురు వినేటట్టు కడిగేశాను. మా సందులో ఇంకా నాలుగు మెస్సులున్నాయి. నేనేది తీసుకుంటే వాళ్లూ అదే తీసుకుంటారు.

ఏప్రిల్ చివర్లో భానుప్రకాశ్ అనే కుర్రాడు కంచం పట్టుకుని వంటింట్లోకే వచ్చాడు. నోరున్న పిల్లవాడు, సిరిసిల్ల వైపు.

"అక్కా, ఇది కోడా, చెప్పు అడుగా? నమిలి నమిలి దవడలు గుంజుతున్నయ్."

ముక్క తీసి చూశాను. ఛాతి ముక్క. పొడుగునా తెల్లటి చారలు, సన్నగా, కొవ్వు గీతలు గీసినట్టు. నొక్కితే గట్టిగా ఉంది. కూరలో మాత్రం నీరు తేలి మసాలా విరిగిపోయింది. అరగంట ఎక్కువ ఉడికించినా అంతే అంది వంటమనిషి హనుమమ్మ. ఆ క్షణానే నాకు మనసులో పడింది, ముత్యాలు చచ్చిన కోళ్లు కలుపుతున్నాడని. ఎండాకాలం. వ్యానులో దారిలో చచ్చినవాటిని ఎవడు పారేస్తాడు? నీళ్ల ఇంజెక్షన్ కూడా ఇస్తున్నాడేమో. హార్మోన్ల సంగతి సరేసరి, నలభై రోజుల్లో కోడి అంత ఎట్లా అవుతుంది మరి! ఆ సాయంత్రమే చపాతీలు పెడుతూ అందరి ముందూ అనేశాను.

"ఈ కోళ్లు పెంచేటోళ్లు మనుషులు కారు. ఇంజెక్షన్లు పొడిచి పొడిచి మన పానాలు తీస్తరు."

పిల్లలు నవ్వారు. సంధ్య నవ్విందో లేదో నేను చూడలేదు. అప్పటికి ఆ పిల్ల నాకు నూట యాభై మందిలో ఒకతి, అంతే.

తర్వాతి ఆదివారం చెప్పాపెట్టకుండా పొద్దున ఆరింటికే షాపుకు పోయాను. దొంగను పట్టాలంటే చెప్పి పోతామా? షట్టరు సగం తెరిచి ఉంది. లోపల జాలీ పెట్టెల ముందు ముత్యాలు నిలబడి ఉన్నాడు. అతని పక్కన మా మెస్సు పిల్ల! సన్నగా, చామనఛాయ, ఎప్పుడూ వెనక బెంచీలో కూర్చునేది. ఒక కోడిని చంకలో పెట్టుకుని దాని కాలు తిప్పి చూస్తోంది. నన్ను చూడగానే ఇద్దరి మాటా ఆగిపోయింది.

ఆడపిల్లకు ఆరింటికి కోళ్ల షాపులో ఏం పని? నా ఒళ్లు మండింది. ముందు కోడి సంగతి తేల్చుకుందామని ఆ మాట మింగాను.

"ముత్యాలూ, ఇయ్యాల నా కోడి తోలుతోనే కొయ్యి. స్కిన్‌లెస్ వద్దు. కాళ్లు గూడ తియ్యకు."

"ఎందుకక్కా? ఎప్పుడు స్కిన్‌లెస్సే గద తీస్కపోతరు."

"నా ఇష్టం. కొయ్యి."

వాడు కోడిని బయటికి తీశాడు. నిలబెడితే నిలబడలేదు, రెండడుగులు ఊగి కూలబడింది. కోసి, వేడినీళ్లలో ముంచి, ఈకలు పీకి బండ మీద పెట్టాడు. కాళ్ల కీళ్ల మీద రెండు వైపులా నల్లటి పక్కులు. ఛాతి మధ్యలో రూపాయి బిళ్లంత ఎర్రటి పుండు. పన్నెండేళ్లు కోడి కొన్నదాన్ని, అది ఎప్పుడూ చూడలేదు. ఎట్లా చూస్తాను? స్కిన్‌లెస్ అంటే తోలూ కాళ్లూ షాపులోనే పోతాయి, మన దాకా వచ్చేది శుభ్రమైన ముక్క.

"రోగం కోళ్లు! నా పిల్లలకు రోగం కోళ్లు తినిపిస్తున్నవ్!"

"అక్కా, దేవుని తోడు, రోగం కాదు. జర మెల్లగ మాట్లాడుండ్రి, గిరాకీలు వింటరు."

"విననీ!"

అప్పుడు ఆ పిల్ల నోరు విప్పింది. "అది రోగం కాదక్కా. కూసోని కూసోని అట్లయితది. బరువెక్కినంక కోడి కాళ్ల మీద నిలవడలేదు. షెడ్డుల కింద ఊక పోస్తరు గద, నీళ్లు ఒలికి, రెట్ట పడి, ఊక తడుస్తది. అండ్లకెల్లి ఘాటు లేస్తది. తడి ఊకల పొద్దుమాపు కూసుంటే తోలు కాలిపోతది. రెండు కిలోలప్పుడే షెడ్డులకెల్లి ఎత్తి అమ్మితే గిట్లుండదు. పెరిగినకొద్ది జాగా సాలక ఒకదాని మీద ఒకటి పడ్తయి."

"నీకెట్ల తెలుసు?"

పిల్ల ముత్యాలు వైపు చూసింది. ముత్యాలు కత్తి వైపు చూశాడు. "మా ఊర్ల చూసిన" అని, కోడిని పెట్టెలో దించి వెళ్లిపోయింది.

"ఎవరది, నీకేమైతది?" అన్నాను.

"ఏం కాదక్కా. ఊకె వచ్చింది." ముత్యాలు బండ కడగడం మొదలుపెట్టాడు. "మీరు గూడ ఒక్కటి ఇనుండ్రి. పెద్ద కోడి పెద్ద కోడి అంటరు. రైతు యాభై దినాలు ఉంచాలె. అన్ని దినాలుంచితే మెత్తటి కూర యాడికెల్లి వస్తది?"

తప్పు చేసినవాడు ఎదురు తిరిగి మన మీదే పెట్టడం నేను కొత్తగా చూడలేదు. మాట తప్పించాడంటే లోపల ఏదో ఉంది. ఆ పిల్లకూ వీడికీ మధ్య కూడా ఏదో ఉంది. ప్రేమ దోమ అనుకుందామంటే ముత్యాలుకు నలభై దాటాయి, ముగ్గురు పిల్లలు. మరి ఇంకేముంటుంది? ఆ పిల్లను వాడు నా మెస్సులో పెట్టుకున్నాడు, నేనేమంటున్నానో చేరవేయడానికి. అట్లా తేల్చుకున్నాక నాకు కొంచెం నిమ్మళమైంది కూడా, ఏదీ తేలకపోతే నాకు నిద్ర పట్టదు.

ఆ మధ్యాహ్నమే పేరు కనుక్కుని, సంధ్య మీద ఒక కన్నేసి ఉంచాను. వడ్డించే పిల్లను అడిగితే చెప్పింది, సంధ్య ఆదివారాలు చికెన్ వేయించుకోదట. చారు పోసుకుని తిని లేస్తుందట. శాకాహారి కాదు, బుధవారం గుడ్డు తింటుంది. చూశారా! లోపల ఏముందో తెలిసినవాళ్లే కదా తినకుండా ఉండేది! నా అనుమానానికి ఇంకో రాయి దొరికింది.

గురువారం నాటికి ఎండ నలభై మూడు దాటింది. కరెంటు ఎప్పుడు పోతుందో ఎప్పుడొస్తుందో తెలియదు, మా దగ్గరే ఇట్లా ఉంటే ఊళ్లలో చెప్పనక్కర్లేదు. మధ్యాహ్నం రద్దీలో నేను అన్నం గిన్నె దగ్గర నిలబడి ఉన్నాను. సంధ్య తినేసి, చేయి కడుక్కుని, నా దగ్గరికి వచ్చింది. దుపట్టా కొస వేలికి చుడుతూ నిలబడింది.

"అక్కా, ఒక్క మాట. ఈ ఆదివారం రెండు కిలోలు దాటిన కోళ్లు తీస్కోరాదు?"

"ఎందుకు?"

"పెద్ద కోడి ఎండకు తట్టుకోదక్కా. దానికి చెమట రాదు, నోరు తెరిచి ఎగపోసుడే. కరెంటు వోయి ఫ్యాన్లు ఆగితే గంటల పెద్దయన్ని సచ్చిపోతయి. చిన్నయి బతుకుతయి. మీరు సరే అంటే ముత్యాలన్న రేపే పోయి ఎత్తుతడు. మీరు తీస్కుంటె తక్కిన మెస్సులోళ్లు గూడ తీస్కుంటరంట. కూర గూడ మెత్తగుంటది అక్కా. నేను నిలవడి మంచియి ఏరిస్త."

ఇంత వివరంగా చెప్పింది. ఎవరి కోళ్లు, ఏ ఊరు అన్నది మాత్రం చెప్పలేదు. ఇప్పుడు తలుచుకుంటే ఎందుకు చెప్పలేదో ఇట్టే తెలుస్తుంది. కోళ్లు పెంచేవాళ్లు మనుషులు కారని చపాతీలు పెడుతూ అన్నదాన్ని నేనే. అప్పుడు మాత్రం నాకు వినిపించింది ఒక్కటే. 'ముత్యాలన్న' అంది. 'మీరు సరే అంటే' అంది. వాడి దగ్గర చిన్న కోళ్లు మిగిలిపోయాయి, నా నెత్తిన రుద్దడానికి ఈ పిల్లను పంపాడు.

"ముత్యాలు నీకేమిస్తుండు?" అన్నాను.

"ఏందక్కా?"

"కమీషన్ ఏమిస్తుండు అంటున్న. పొద్దుగాల ఆరింటికి వాని షాపుల ఉంటవ్. నా దగ్గర చికెన్ ముట్టవ్. ఇప్పుడు వాని తరఫున బేరం మాట్లాడుతున్నవ్. నేనేమన్న పిచ్చిదాని లెక్క కనిపిస్తున్ననా?"

నా గొంతు సంగతి తెలుసు కదా, బెంచీలన్నీ నిశ్శబ్దమైపోయాయి. భానుప్రకాశ్ మాత్రం "అరే, చికెన్ ఏజెంటు!" అన్నాడు. నలుగురు నవ్వారు. సంధ్య మొహం ఎర్రబడింది. ఏదో చెప్పబోయింది, నోరు తెరిచింది కూడా. నేను చెప్పనివ్వలేదు.

"చదువుకోనికి వచ్చినవ్, చదువుకో. కోళ్ల యాపారం నాకు నేర్పకు. రెండున్నర కిలోలంటే రెండున్నర కిలోలే. పో."

పోయింది. ఆ రాత్రి భోజనానికి రాలేదు, శుక్రవారం కూడా రాలేదు. పట్టుబడ్డ దొంగ మొహం ఎట్లా చూపిస్తుందిలే అనుకున్నాను. నిజం చెబుతున్నాను, గెలిచినట్టే అనిపించింది నాకు.

ఆదివారం ఏడు దాటినా ఆటో రాలేదు. ఎనిమిదింటికి ముత్యాలే నడుచుకుంటూ వచ్చాడు, చేతులు ఊపుకుంటూ. మనిషి రాత్రంతా నిద్ర లేనట్టున్నాడు.

"కోళ్లు లెవ్వక్కా ఇయ్యాల. గుడ్లు వండుకోండ్రి."

"లేకపోవుడేంది? నూట యాభై మంది—"

"నిన్న ఎత్తుదామని వ్యాను తీస్కపోయిన. యాభై దినాలు నిండినయి, మీరన్న తూకం వచ్చింది. నేను పొయ్యేవరకు పగటీలి రెండున్నర గంటలయింది. పన్నెండింటికే కరెంటు పోయిందట. షెడ్డు నిండ తెల్లగ పరుసుకొని ఉన్నయి. నాలుగు వందల ఎనభై దాక సచ్చినయి. కృష్ణయ్య బకెట్లతోటి నీళ్లు మోసి మోసి చల్లిండు. ఒక్కడు ఎన్నని చల్లుతడు? మిగిలినయి గూడ నోరు తెరిచి పడున్నయి, వ్యానెక్కిస్తే దారిలనే సస్తయి."

"ఏ కృష్ణయ్య?"

ముత్యాలు నావైపు కాసేపు చూశాడు. ఇరవై ఏళ్ల పరిచయం, ఏనాడూ అట్లా చూడలేదు.

"సంధ్య వాళ్ల నాయిన. మీ మెస్సుల తింటది గద, మొన్న మీరు ఏజెంటు అన్నరట, ఆ పిల్ల. చెప్పొద్దని ఒట్టేయించుకున్నది నాతోని. తెలిస్తే ఇంజెక్షన్ పిల్ల అంటరని. నలభయ్యో దినం నుంచి మొత్తుకుంటుంది, ఎత్తు అన్నా ఎత్తు అన్నా అని. నేనేం జేద్దు? ఫిబ్రవరిల మీరు వాపస్ పంపిన ఆటో నాకు యాదికే ఉన్నది."

వాడు వెళ్లిపోయాక కూడా నా బుద్ధి ఊరుకోలేదు. ఇది కూడా వీడు అల్లిన కథేమో, కోళ్లు ఎక్కడో ఎక్కువకు అమ్ముకుని వచ్చాడేమో అనుకున్నాను. నమ్మండి, నమ్మకపోండి, చెప్పులేసుకుని నారాయణగూడ వైపున్న ఆ అమ్మాయిల హాస్టలుకు పోయి మరీ కనుక్కున్నాను. సంధ్య గదిలో ఉండే రాగిణి చెప్పింది, శనివారం మధ్యాహ్నం ఫోనొస్తే తిన్న కంచం కూడా కడగకుండా బస్సుకు పరుగెత్తిందని. ఎప్పుడొస్తుందంటే, "ఇంకేం వస్తదాంటీ" అంది.  అయ్యో, ఎంత పని చేశాను! ఆ పిల్ల నోరు తెరిచిందే, చెప్పబోయిందే, రెండు నిమిషాలు ఓపిక పడితే నా సొమ్మేం పోయేది?

మంగళవారం పది గంటలకు వాళ్లిద్దరూ వచ్చారు. హాస్టలు ఖాళీ చేసి, ట్రంకు పెట్టె మా మెస్సు గడపలో దించారు. కృష్ణయ్య పొట్టిగా, నల్లగా, చొక్కా గుండీలు మెడ దాకా పెట్టుకుని ఉన్నాడు. చేతిలో చిన్న గంప, దాని మీద తడి గోనె. టిఫిన్ చేసే పిల్లలు పది మంది దాకా ఉన్నారు.

"దండం అమ్మా" అన్నాడు. "రెండేండ్లు మా బిడ్డ మీ బువ్వ తిన్నది. ఇల్లు యాదికి రాకుంట చూసుకున్నరంట. పొయ్యేటప్పుడు చెప్పిపోవాలె గద."

నేను సంధ్య వైపు చూశాను. తల దించుకుని గడప పక్కన నిలబడింది. ఏం చెప్పి ఉంటుంది తండ్రితో? ఏం చెప్పలేదా? చెప్పే ఉంటుంది, నలుగురిలో నన్ను పట్టుకుని అడగడానికే వచ్చి ఉంటారు అనుకున్నాను.

కృష్ణయ్య గంప నా ముందు పెట్టి గోనె తీశాడు. తెల్లటి కోడి, బాగా పెద్దది. కాళ్లు కట్టలేదు, అయినా కదలకుండా కూర్చుని ఉంది.

"ఉత్త చేతులతోటి ఎట్ల వస్త? బతికినయాట్ల మంచిది ఇదే. మూడు కిలోలుంటది. మీకు పెద్ద కోడంటేనే ఇష్టమని ముత్యాలు అంటుండె."

 ఆ మనిషి మాటలో వెటకారం ఉందేమోనని వెతికాను. లేదు. మనస్ఫూర్తిగా ఇస్తున్నాడు.

"కూసోండి అన్నా, టిఫిన్ చెయ్యుండ్రి" అన్నాను.

"వద్దమ్మా, బస్సున్నది. ఆ ముత్యాలు షాపుకాడ గూడ ఒకపారి ఆగాలె. వాణ్ణి నలుగుర్ల అడుగుత. పది దినాలు రేపు మాపు అని తిప్పిండు. యాడనో వేరే రైతుతోటి మాట్లాడుకోని నా కోళ్లు పండవెట్టిండు. మోసగాడు! బిడ్డ సదువు ముంచిండు."

అప్పుడు సంధ్య తలెత్తి నన్ను చూసింది. అడగలేదు, బెదిరించలేదు, ఊరికే చూసింది. నేను మాట్లాడకపోతే ముత్యాలు పరువు పోతుంది. మాట్లాడితే బెంచీల మీద పిల్లలందరూ వింటారు. భానుప్రకాశ్ ఇడ్లీ నోటి దాకా తీసుకెళ్లి ఆపేశాడు.

"ముత్యాలుది తప్పు లేదన్నా" అన్నాను. నా గొంతు నాకే వినిపించలేదు, మళ్లీ గట్టిగా అన్నాను. "చిన్న కోళ్లు వద్దన్నది నేను. నేను వద్దంటే సందుల అందరు వద్దన్నరు. మీ బిడ్డ గురువారం వచ్చి బతిమాలింది. కమీషన్ కోసం వచ్చిందని తిట్టి పంపిన. అందరి ముందట."

కృష్ణయ్యకు అర్థం కావడానికి కొంచెంసేపు పట్టింది.  కూతురి వైపు తిరిగాడు.

"నీకు ఎర్కేనా ఇదంత?"

"ఎర్కే."

"మరి నాకెందుకు చెప్పలే?"

"చెప్తే నువ్వొచ్చి కొట్లాడుతవ్. మల్ల నేను ఏ మొకం వెట్టుకోని ఈడ తింట?" సంధ్య దుపట్టాతో మొహం తుడుచుకుంది. "అప్పటికి ఇంక తిరిగొస్తనే అనుకున్న నాయినా."

 నేను సంధ్య చేయి పట్టుకుని, ఉండిపొమ్మని, తిండి సంగతి నేను చూసుకుంటానని అన్నాను. మెల్లగా చేయి విడిపించుకుంది. "హాస్టలు గది వేరేటోళ్లకు ఇచ్చేసిండ్రు అక్కా" అంది, అంతే.

కృష్ణయ్య వంగి ట్రంకు పెట్టె భుజానికెత్తుకున్నాడు. "రెండు కిలోల కోడి మంచిగుంటదమ్మా. ఒకపారి వండి చూడుండ్రి" అన్నాడు. ఇద్దరూ మెట్లు దిగారు. కోడిని వాపస్ తీసుకుపోవడానికి మళ్లీ వెనక్కి వస్తాడనుకున్నాను, నా బుద్ధి అదే కదా. సందు చివర మలుపు తిరిగే దాకా చూశాను, రాలేదు.